బ్రెడ్ మెషిన్‌లో ఎర్రకారం చీజ్ బ్రెడ్: మన ఎండల్లో కుంగిపోకుండా చేయడం ఎలా?

"పుస్తకంలో ఉన్నట్టే కొలిచి వేశాం. అయినా బ్రెడ్ మధ్యలో గుంట పడింది. ఎందుకు?" కడపలో బ్రెడ్ మెషిన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ నన్ను ఈ ప్రశ్నే అడుగుతున్నారు. దాని వెనకే రెండోది: "చీజ్ ఎప్పుడు వేయాలి? వేసిందంతా కరిగి మాయమైపోతోంది." ఈ రెంటికీ జవాబు చెబుతూ, నేను ఎక్కువగా చేసే ఎర్రకారం చీజ్ బ్రెడ్ పద్ధతి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. మన కారం దోశ మీద పూసే ఎర్రకారమే ఇందులోనూ రుచి.

ముందే ఒక మాట. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలోని కొలతలు 20-25 డిగ్రీల వంటగదికి రాసినవి. మే నెలలో మధ్యాహ్నం మన వంటగది 38 దాటుతుంది. మన మైదా వేరు, మన చీజ్ వేరు. మెషిన్ కలుపుతుంది, పొంగిస్తుంది, కాలుస్తుంది. కానీ పిండి పలచబడిందా, గట్టిపడిందా అని చూసుకోవడం దానికి రాదు. అది మీరు మూత తెరిచి చూడాల్సిందే.

కావలసినవి

ఇవి 700-750 గ్రాముల బ్రెడ్ సెట్టింగ్‌కు సరిపోయే కొలతలు. మీది 450 గ్రాముల చిన్న మెషిన్ అయితే అన్నిటినీ సగానికి కొంచెం పైన, అంటే మైదా 250 గ్రాముల లెక్కన తగ్గించుకోండి.

- మైదా: 400 గ్రాములు
- నీళ్లు: 220 మి.లీ. (ఇందులో 20 మి.లీ. పక్కన ఉంచాలి)
- ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్: చలికాలంలో ఒకటింపావు టీస్పూన్, ఎండాకాలంలో ముప్పావు టీస్పూన్
- ఉప్పు: తలకొట్టిన ఒక టీస్పూన్, అంతకు మించొద్దు
- చక్కెర: ఒక టేబుల్ స్పూన్
- పాలపొడి: రెండు టేబుల్ స్పూన్లు (లేకపోయినా నష్టం లేదు)
- తురిమిన చీజ్: 80 గ్రాములు
- చిన్న ముక్కలుగా కోసిన చీజ్: 60 గ్రాములు

ఎర్రకారానికి:

- ఎండు మిరపకాయలు: 8 (రంగుకు బ్యాడిగి 5, కారానికి గుంటూరు రకం 3)
- ఎర్రగడ్డ: చిన్నది ఒకటి
- తెల్లగడ్డ: 4 పాయలు
- ఉప్పు: పావు టీస్పూన్
- చెనిక్కాయ నూనె: రెండు టేబుల్ స్పూన్లు

చీజ్ గురించి చాలామందికి అనుమానం. మన ఊళ్లో సూపర్ మార్కెట్‌లో దొరికే మామూలు ప్రాసెస్డ్ చీజ్, దిమ్మ అయినా క్యూబ్స్ అయినా, దీనికి బాగా పనికొస్తుంది. చెడ్డార్ దొరికితే ఇంకా రుచి. నీళ్లలో తేలుతూ వచ్చే మెత్తటి మోజరెల్లా వద్దు, పిండి జావైపోతుంది. పిజ్జా కోసం అమ్మే గట్టి మోజరెల్లా పరవాలేదు. చీజ్ స్ప్రెడ్ వద్దు. పనీర్ కరగదు కాబట్టి అదీ ఇక్కడ కుదరదు.

కప్పులతో కాకుండా తూకంతో కొలవండి. మైదాను కప్పులో వదులుగా పోస్తే ఒక బరువు, అదిమి పోస్తే ఇంకో బరువు. మూడు కప్పులకు వచ్చేసరికి యాభై గ్రాముల తేడా సులువుగా వస్తుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అమెరికా నుంచి తెచ్చిన మెషిన్ అయితే ఇది చదవకుండా ప్లగ్ పెట్టొద్దు

కొడుకో కూతురో అమెరికా నుంచి మెషిన్ తెచ్చిన ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. మెషిన్ వెనకో అడుగునో ఉన్న లేబుల్ చూడండి. 120 అని మాత్రమే ఉంటే నేరుగా ప్లగ్ పెట్టిన క్షణంలో కాలిపోతుంది. దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మెషిన్ వాటేజీ కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది, 600 వాట్ల మెషిన్‌కు 1000 వాట్లది తీసుకోండి. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. ఈ తేడా తెలియక కొత్త మెషిన్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

చేసే విధానం

1. ఎర్రకారం ముందురోజే చేసుకోండి. మిరపకాయల తొడిమలు తీసి వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. నీళ్లు పూర్తిగా వంపేసి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పుతో మెత్తగా రుబ్బండి. రుబ్బేటప్పుడు నీళ్లు పోయొద్దు, ఎర్రగడ్డలో ఉన్న తడే చాలు. దోశకైతే ఇది పచ్చిగానే పూస్తాం. బ్రెడ్‌కు అలా కుదరదు. పచ్చి తెల్లగడ్డ ఈస్ట్‌ను అణిచేస్తుంది, పిండి సాగే గుణాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే నూనెలో సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోయి, రంగు ముదిరి, అంచుల్లో నూనె తేలాలి. పూర్తిగా చల్లారాక తూస్తే 50-60 గ్రాములుంటుంది. ఈ నూనే బ్రెడ్‌కూ సరిపోతుంది, వేరే వెన్న అక్కర్లేదు.

చల్లారాక కొంచెం నాలుక మీద వేసుకుని చూడండి. దోశ కారం కంటే ఒక మెట్టు ఘాటుగా ఉండాలి. 400 గ్రాముల మైదాలో కలిశాక అది సగానికి సగం తగ్గిపోతుంది. నోటికి సరిగ్గా సరిపోయిందనిపిస్తే బ్రెడ్‌లో చప్పగా ఉంటుంది.

2. చీజ్ సిద్ధం చేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తురమండి. కాసేపు బయట ఉంచితే మన వేడికి మెత్తబడి తురుము ముద్దలు కడుతుంది. తురుము మీద చెంచాడు మైదా చల్లి కలిపితే విడివిడిగా ఉంటుంది. మిగిలిన 60 గ్రాములు బఠాణీ గింజకు రెండింతలుండే ముక్కలుగా కోసి, పళ్లెంలో పరిచి, ఫ్రీజర్‌లో పెట్టండి. కనీసం అరగంట ఉండాలి. రాత్రంతా ఉన్నా మంచిదే.

చీజ్ ఇలా రెండు రకాలుగా ఎందుకంటారా? తురుము పిండిలో పూర్తిగా కలిసిపోయి బ్రెడ్‌కు ఉప్పదనం, మెత్తదనం ఇస్తుంది. కంటికి కనబడదు. ముక్కలు ఆలస్యంగా వేస్తాం కాబట్టి అక్కడక్కడ పసుపుపచ్చటి గూళ్లలా మిగులుతాయి. అంతా తురుమే వేసి "చీజ్ మాయమైంది" అనుకోవడం, అంతా ముక్కలే వేసి "మిగతా బ్రెడ్‌కు రుచి లేదు" అనుకోవడం, రెండూ విన్నాను.

3. పాన్ బయటికి తీసి, ప్యాడిల్ (పిండి కలిపే చిన్న రెక్క) తగిలించి, వరసగా వేయండి. ముందు 200 మి.లీ. నీళ్లు, అందులో చల్లారిన ఎర్రకారం. పైన మైదా, నీళ్లు కనబడకుండా కప్పేయాలి. దాని మీద తురిమిన చీజ్, పాలపొడి. ఒక మూల ఉప్పు, ఎదురుమూల చక్కెర. మధ్యలో వేలితో చిన్న గుంట చేసి ఈస్ట్. గుంట అడుగున తడి తగలకూడదు. కొన్ని మెషిన్లలో ఈస్ట్ అడుగున వేసి నీళ్లు చివర పోయమంటారు. అలాంటిదైతే మీ పుస్తకం చెప్పిన వరసే పాటించండి. ఈస్ట్, నీళ్లు ముందే కలవకుండా ఉండటమే ముఖ్యం.

నీళ్ల గురించి జాగ్రత్త. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. నేను మొదటి ఎండాకాలం ఆ కొళాయి నీళ్లే పోశాను. కలిపే వేడి కూడా తోడై, గంటలోపే పిండి పాన్ అంచు దాకా పొంగింది. కాల్చడం మొదలయ్యేసరికి మధ్యలోంచి కూలిపోయింది. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లే పోయండి. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట మాత్రం గోరువెచ్చటివి వాడండి. మరీ వేడి నీళ్లు ఈస్ట్‌ను చంపేస్తాయి.

4. ప్రోగ్రామ్ పెట్టండి. బేసిక్ లేదా వైట్ బ్రెడ్, 750 గ్రాములు, క్రస్ట్ (పైపెచ్చు) రంగు లైట్. చీజ్, చక్కెర, పాలపొడి మూడూ తొందరగా ఎర్రబడేవి కాబట్టి మీడియం పెట్టినా అడుగు నల్లబడుతుంది. డిలే టైమర్ మాత్రం వాడొద్దు. రాత్రి వేసి పొద్దున్నకు అయ్యేలా పెడదామని అందరికీ ఉంటుంది. కానీ మన వేడిలో చీజ్ ఆరేడు గంటలు బయట ఉంటే చెడిపోతుంది.

5. ఎనిమిదో నిమిషంలో మూత తెరవండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. కలిపే దశలో మూత తెరిస్తే ఏమీ కాదు.

మొదటి మూడు నిమిషాలు పిండి అరాచకంగా ఉంటుంది. ఒక పక్క పొడి మైదా, ఒక పక్క ఎర్రటి చారలు, మూలల్లో అంటుకున్న చీజ్ తురుము. సిలికాన్ గరిటెతో మూలలు గీకి లోపలికి తోయండి, తొందరపడి నీళ్లు మాత్రం పోయకండి. ఎనిమిదో నిమిషానికి చారలు పోయి అంతా ఒకే నారింజ రంగుకు వస్తుంది. ప్యాడిల్ చుట్టూ ఒక్క ముద్దగా తిరుగుతూ పాన్ గోడకు తపతప తగులుతూ ఉండాలి. గోడలు శుభ్రంగా కనబడాలి, అడుగున మాత్రం రూపాయి బిళ్లంత చోట కొంచెం అంటుకుని వదలాలి. వేలితో నొక్కితే చెవితమ్మెలా మెత్తగా ఉండి, వేలికి దాదాపు ఏమీ అంటకూడదు.

- గోడలకు పూసుకుంటూ, ముద్ద కట్టకుండా సాగుతుంటే తడి ఎక్కువ. ఒక్కో చెంచా మైదా చల్లి, రెండు నిమిషాలు ఆగి చూడండి.
- ముద్ద పగుళ్లతో ఉన్నా, రెండు ముద్దలుగా విడిపోయినా, మోటారు మూలుగుతున్నా గట్టిగా ఉన్నట్టు. పక్కన పెట్టిన 20 మి.లీ. నీళ్లు చెంచా చెంచాగా పోయండి.

అనుమానంగా ఉంటే కొంచెం గట్టి వైపే వదిలేయండి. తిరిగేకొద్దీ వేడికి చీజ్ కరిగి, ఎర్రకారంలోని తడి కలిసి పిండి ఇంకా మెత్తబడుతుంది. మామూలు బ్రెడ్‌కు సరిపోయిన మెత్తదనం ఎనిమిదో నిమిషంలోనే ఇందులో వచ్చేసిందంటే, చివరికి పలచబడి కుంగిపోతుంది. గుంట పడిన బ్రెడ్‌లలో ఎక్కువ భాగం ఇలా పాడైనవే.

6. బీప్ రాగానే చీజ్ ముక్కలు వేయండి. ఎండుద్రాక్ష, జీడిపప్పు వేయడానికి మెషిన్ ఇచ్చే బీపే ఇది. కలపడం పూర్తికావడానికి కొన్ని నిమిషాల ముందు వస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కలు అప్పుడే వేయండి. గడ్డకట్టి ఉంటేనే ప్యాడిల్ కింద నలగవు. మీ మెషిన్‌కు బీప్ లేకపోతే, కలిపే సమయం ఎంతో పుస్తకంలో చూసి ఐదు నిమిషాల ముందుకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

7. పొంగేటప్పుడు ఒకసారి చూడండి. చివరిసారి పిండిని అణిచాక తడివేళ్లతో ముద్దను ఎత్తి ప్యాడిల్ తీసేయొచ్చు. అలా చేస్తే అడుగున పెద్ద రంధ్రం పడదు. అది మీ ఇష్టం. కానీ పైకి, పక్కలకు కనబడే చీజ్ ముక్కలను మాత్రం లోపలికి నొక్కండి. గోడకు తగిలిన ముక్క కారి, మాడి, పాన్ కోటింగ్‌కు అంటుకుపోతుంది.

ఇక్కడి నుంచి మూత పదేపదే తీయొద్దు. అద్దంలోంచి చూడండి. పిండి పాన్ అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల కింద ఉన్నప్పుడు కాల్చడం మొదలవ్వాలి. ఎండాకాలంలో మెషిన్ లెక్క ప్రకారం ఇంకా అరగంట ఉండగానే పిండి అక్కడికి చేరిపోతుంది. అప్పుడు నూనె వేలితో మెల్లగా నొక్కండి. పడిన గుంట నిదానంగా సగం పూడితే పిండి సిద్ధం. ప్రోగ్రామ్ ఆపేసి, మెనూలో బేక్ ఒక్కటే ఉన్న ప్రోగ్రామ్ పెట్టి 50 నిమిషాలు కాల్చండి. మన వాతావరణానికి ఈ బేక్ బటన్ ఎంత ఉపయోగమో చెప్పలేను. మెషిన్ కొనబోయేవాళ్లు అది ఉందో లేదో చూసి కొనండి.

8. కాలిందో లేదో చూడండి. పుల్ల గుచ్చి చూసే కేకు పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది. పుల్లకు అంటింది పచ్చిపిండో, కరిగిన చీజో తెలియదు. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చండి, 92-95 డిగ్రీలు చూపాలి. లేకపోతే బ్రెడ్‌ను గుడ్డతో పట్టుకుని పాన్‌లోంచి తీసి అడుగున తట్టండి. డొల్ల శబ్దం రావాలి. పక్కలు నొక్కితే గట్టిగా నిలబడాలి. లోపలికి పోతుంటే మళ్లీ పాన్‌లో పెట్టి బేక్‌లో ఇంకో ఎనిమిది పది నిమిషాలు.

9. వెంటనే బయటికి తీయండి. కీప్ వార్మ్‌లో, అంటే కాలాక మెషిన్ వెచ్చగా ఉంచే దశలో వదిలేస్తే ఆవిరి పట్టి పక్కలు చెమర్చి లోపలికి ముడుచుకుంటాయి. పాన్‌ను గుడ్డతో పట్టుకుని బోర్లించి రెండు ఊపులు ఊపితే వస్తుంది. గరిటెతో, చాకుతో పెకలించొద్దు. జాలీ స్టాండ్ లేకపోతే చల్లారిన స్టవ్ మీది ఇనుప స్టాండు చాలు, కింద గాలి ఆడితే సరి. గంట ఆగాకే కోయండి. ఆ వాసనకు ఇంట్లో పిల్లలు ఆగరని నాకు తెలుసు. అయినా వేడిమీద కోస్తే చాకుకు చీజ్ చుట్టుకుని, లోపల ముద్దయిపోతుంది.

సరిగ్గా కుదిరిన ముక్క ఎలా ఉంటుందంటే: లేత నారింజ రంగు, సన్నటి సమానమైన రంధ్రాలు, మధ్యమధ్యలో చీజ్ కరిగిన గూళ్లు. ఆ గూడు లోపలంతా పలచటి పసుపు పొర అంటుకుని మెరుస్తూ ఉంటుంది. నొక్కి వదిలితే ముక్క తిరిగి లేవాలి.

మధ్యలో కరెంటు పోతే

చాలా మెషిన్లు కొద్ది నిమిషాల కోతను గుర్తుంచుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడతాయి. మీది ఎన్ని నిమిషాలు ఆగుతుందో పుస్తకంలో చూసుకోండి. అంతకు మించితే:

- కలిపేటప్పుడు పోతే: వచ్చాక మొదటి నుంచి కలపండి, నష్టం లేదు.
- పొంగేటప్పుడు పోతే: మూత తీయకుండా వదిలేయండి. పిండి దాని పని అది చేసుకుంటుంది. ఎత్తుకు వచ్చాక కరెంటు ఉంటే బేక్ పెట్టండి.
- కాలేటప్పుడు పోతే: మందపాటి గిన్నెలో స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు ఖాళీగా వేడిచేయండి. బ్రెడ్‌ను పాన్‌తో సహా అందులో పెట్టి సన్నసెగ మీద 20-25 నిమిషాలు ఉంచండి. పైన రంగు రాదు కానీ లోపల కాలుతుంది.

ఇన్వర్టర్ లైన్‌లో పెట్టాలనుకుంటే దాని సామర్థ్యం ముందే కనుక్కోండి. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టిన చిన్న ఇన్వర్టర్‌కు ఈ హీటర్ బరువే.

ఎక్కడ తప్పు జరిగింది?

*మధ్యలో గుంట:* నీళ్లు ఎక్కువ, ఈస్ట్ ఎక్కువ, లేదా వేడి ఎక్కువ. తరువాతిసారి మూడూ ఒకేసారి మార్చకండి. ముందు నీళ్లు 15 మి.లీ. తగ్గించి చూడండి. ఉప్పు వేయడం మరిచిపోయినా ఇలాగే అవుతుంది, ఈస్ట్‌కు పగ్గం ఉప్పే.

*పొంగనే లేదు, ఇటుకలా ఉంది:* ఈస్ట్ పాతది. ఎండలో నెలల తరబడి షాపు అరల్లో ఉన్న ప్యాకెట్ తేదీ మిగిలి ఉన్నా పనిచేయకపోవచ్చు. అరకప్పు గోరువెచ్చటి నీళ్లలో చెంచా చక్కెర, చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. పైన నురగ కట్టకపోతే పారేయండి. తెరిచిన ప్యాకెట్‌ను గాలి పోని డబ్బాలో ఫ్రీజర్‌లో దాచండి. ఒకరైతే ఈస్ట్‌కు బదులు బేకింగ్ పౌడర్ వేసి నాకు ఫోన్ చేశారు. అవి రెండూ వేరు, ఇందులో దాంతో పని జరగదు.

*చీజ్ చుట్టూ పచ్చి జిగురు:* ముక్కలు పెద్దవయ్యాయి, లేదా 60 గ్రాములకు మించి వేశారు. చీజ్ ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు.

*ఉప్పగా ఉంది:* చీజ్‌లో ఉప్పుంది, ఎర్రకారంలో ఉప్పుంది. మీ చీజ్ బాగా ఉప్పనిదైతే విడి ఉప్పు ముప్పావు టీస్పూన్‌కు తగ్గించండి. పూర్తిగా మానేయొద్దు.

మార్పులు చేసుకోవాలంటే

అయ్యంగార్ బేకరీల ఖారా బన్ రుచి ఇష్టమైతే ఎర్రకారం బదులు పచ్చిమిర్చి నాలుగు, ఎర్రగడ్డ ఒకటి, కరివేపాకు సన్నగా తరిగి, జీలకర్రతో నూనెలో తడి ఆరేదాకా వేయించి, చల్లార్చి వేయండి. కొత్తిమీర బీప్ దగ్గర వేయాలి. అప్పుడు నీళ్లు ఒక చెంచా ఎక్కువ పట్టొచ్చు, ఎనిమిదో నిమిషంలో పిండే చెబుతుంది.

గోధుమపిండి కలపాలంటే 100 గ్రాముల దాకా మైదా తగ్గించి కలపండి, నీళ్లు 10-15 మి.లీ. పెంచండి. అంతకంటే ఎక్కువైతే చీజ్ బరువుకు బ్రెడ్ లేవదు. ఆవకాయ, ఊరగాయ గుజ్జు వేయొచ్చా అని అడుగుతారు. వద్దు. అందులోని ఉప్పుకు ఈస్ట్ మందగిస్తుంది.

ఎండాకాలంలో ఈ బ్రెడ్ బయట ఒక్కరోజే. ఆ తరువాత ముక్కలుగా కోసి, గాలి పోని కవర్‌లో ఫ్రీజర్‌లో పెట్టండి, రెండు మూడు వారాలు బాగుంటుంది. తినేముందు పెనం మీద రెండు చుక్కల చెనిక్కాయ నూనె వేసి, గడ్డకట్టిన ముక్కనే నేరుగా సన్నసెగ మీద రెండువైపులా కాల్చండి. దించే ముందు పైన చిటికెడు పప్పుల పొడి చల్లితే, కరుగుతున్న చీజ్‌కు అది అంటుకుంటుంది.